రోడ్డుకు అవతలి వాన

ఆర్మూర్ లోకల్ ఛానల్లో సోమవారం పొద్దున వారం వాతావరణం చదివేది రుచిత. వాతావరణ శాఖ పంపిన నాలుగు ముక్కలు ముందు పెట్టుకుని, "బుధ, గురువారాల్లో అక్కడక్కడా ఉరుములతో కూడిన జల్లులు పడే అవకాశం ఉంది" అని చదివి లేచిపోయేది. పసుపు తవ్వకాలు మొదలయ్యాకే చిక్కొచ్చిపడింది. కూరగాయల దగ్గర, బస్టాండులో, చివరికి పెళ్లి భోజనాల్లో కూడా జనం ఆపి వాన సంగతి అడగసాగారు.

ఒక సోమవారం ఫోన్ చేసింది లచ్చన్న. జక్రాన్‌పల్లిలో రుచిత అత్తగారి పసుపు కల్లానికి ఎదురుగా, రోడ్డుకు అవతల ఆయన కల్లం.

"బిడ్డా, అక్కడక్కడ పడ్తదంటివి. గా అక్కడక్కడల మా కల్లం ఉన్నదా లేదా? గదొక్కటి చెప్పు."

రుచితకు ముందు నవ్వొచ్చింది. ఆ తర్వాత శాఖ పంపిన ముక్కలు ఇంకోసారి గుర్తుచేసుకుంది.

"నాకూ తెల్వది మామా."

"చెప్పెటోళ్లకే తెల్వకపోతే ఇనెటోళ్లకు ఎట్ల తెలుస్తది!" అన్నాడు లచ్చన్న, కోపం లేకుండానే.

ఆ మాట ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు. సాయంత్రం ఫోన్‌లో మబ్బుల గురించి వెతికి వెతికి చూసింది. బాగా ఎత్తున ఈకల్లా పరుచుకునే పలచని మబ్బులు, ఎండెక్కాక పుట్టే దూది మబ్బులు, ఆ దూదే ఆగకుండా పైకి పెరిగితే అయ్యే ఉరుముల మబ్బు. ఈ మూడూ మనసులో పెట్టుకుని, బుధవారం సెలవు తీసుకుని కల్లానికి వెళ్లింది.

అత్త గంగవ్వ ఉడికించిన పసుపు కొమ్ములు ఎండబోసింది. కోడలు మెడ ఎత్తి నిలబడటం చూసి, "ఏం బిడ్డా, మీదికెల్లి ఎవలన్న దిగుతున్నరా?" అంది.

"మబ్బులు చూస్తున్న అత్తమ్మా. గవి ఈకల్లెక్క లేవూ? గవి వాన కొట్టయ్."

"వాన కొట్టని మబ్బును చూసుడెందుకు? వచ్చి కొమ్ములు తిరగెయ్యి."

రుచిత కొమ్ములు తిరగేసింది. మధ్యాహ్నానికి దూది మబ్బులు లేచాయి. ఎండ కాస్త దిగేసరికి శ్రీరాంసాగర్ వైపున్న మబ్బొకటి మిగతావాటిని వదిలేసి పైకి పెరగడం మొదలుపెట్టింది. అడుగున నలుపు, పైన గోబిపువ్వులా కుచ్చులు. చూస్తుండగానే దాని తల చదునై పక్కలకు పరుచుకుంది.

తడి ఆరని కొమ్ములు కుప్పపోసి కప్పితే చెమ్మ పడుతుంది. వాన రాకపోతే ఒక పూట ఎండ దండగ. కప్పకుండా వాన పడితే మాత్రం పంటంతా రంగు పోతుంది.

"అత్తమ్మా, కప్పుదాం."

"ఎండ గింతగనం కొడ్తుంటేనా?"

"గా మబ్బు చూడు. గది ఇగ దూది కాదు."

గంగవ్వ మబ్బును చూసింది, కోడలి ముఖం చూసింది. "సరే, పా" అని కొంగు నడుముకు చుట్టింది.

రుచిత పరుగున రోడ్డు దాటి లచ్చన్నకు చెప్పింది.

"పక్కా పడ్తదా బిడ్డా?"

"పడ్తదనే అనిపిస్తుంది మామా. పడకపోతే నన్ను తిట్టు."

లచ్చన్న కేకేశాడు. కూలీలు కొమ్ములు కుప్పలు చేసి, టార్పాలిన్ తాడిపత్రులు కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టారు. ఇవతల అత్తాకోడళ్లూ అదే పనిలో పడ్డారు. చివరి రాయి పెట్టేలోపే దుమ్ము లేచింది, వెలుగు తగ్గింది, పెద్ద ఉరుము ఉరిమింది.

వాన పడింది. లచ్చన్న కల్లం మీద తాడిపత్రులు దబదబ మోగాయి. రోడ్డుకు ఇవతల ఒక్క చినుకు లేదు. గంగవ్వ రోడ్డు అంచున చెయ్యి చాచి నిలబడింది.

"గిదేం వాననే! దీనికి రోడ్డు దాటుడు గూడ రాదా?"

అవతల లచ్చన్న నిలువునా తడిసి, నెత్తిన తువ్వాల వేసుకుని నవ్వుతున్నాడు. ఆయన్ని చూసి వీళ్లకూ నవ్వు ఆగలేదు.

వాన వెలిశాక ఇద్దరూ రోడ్డు దాటి, తాడిపత్రి మీది నీళ్లు వంచడానికి సాయం పట్టారు. లచ్చన్న కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి చూశాడు. చుక్క తడి లేదు.

"కప్పకపోతే ఖతమయ్యేటోన్ని" అన్నాడు.

"నీకేమో పంట దక్కింది. నాకు మాత్రం కప్పుడొకసారి, విప్పుడొకసారి. రెండు పనులు పెట్టింది నా కోడలు" అంది గంగవ్వ. అంటూనే లచ్చన్న భార్య లసుమవ్వ తెచ్చిన చాయ్‌లో మొదటి గ్లాసు తీసి కోడలి చేతికిచ్చింది.

ఆ తర్వాతి సోమవారం రుచిత శాఖవాళ్ల మాటలు చదివాక, కాగితం పక్కన పెట్టి, ఏ మబ్బు ఎట్లా ఉంటుందో, దేన్ని చూసి కొమ్ములు కప్పుకోవాలో రెండు నిమిషాలు తన మాటల్లో చెప్పింది.

మర్నాడు పొద్దున్నే శ్రీరాంసాగర్ ఒడ్డునున్న మెండోర నుంచి చేపలు పట్టే హన్మయ్య రుచిత ఫోన్‌కు ఒక ఫొటో పంపాడు. "గిదేం మబ్బు మేడమ్? వల ఎయ్యాల్నా, వద్దా?"

నీళ్ల మీద చిన్న తెల్లటి దూది మబ్బు. రుచిత నవ్వుకుని, "ఫికర్ లేదన్నా, పో" అని రాసింది.

మధ్యాహ్నం ఇంకో ఫొటో వచ్చింది, గంప నిండా చేపలు. కింద ఇలా ఉంది: "మీ ఇంటికి బొచ్చె చేప పంపాల్నా, రవ్వ చేప పంపాల్నా?"