ఒత్తులేని ధ

ఆ కాగితంలో ‘ధ’కి ఒక్కచోట కూడా ఒత్తు లేదు. మొదట గమనించింది అదే. రేడియోలు బాగుచేసే మనిషి తెలుగు అంతకంటే బాగుంటుందనుకోవడం నాదే తప్పు అనుకుని నవ్వుకున్నాను. ఆ నవ్వు తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది.

అది అరవై ఒకటి ఫిబ్రవరి. నేను ఉండేది బందరులో, ఒక్కణ్ణే. రోజూ రైల్లో పెడన వెళ్లి అద్దకం అచ్చులు చెక్కి వస్తాను. టేకు చెక్క మీద కుడివైపు ఉండాల్సిన ఆకుని ఎడమవైపు చెక్కాలి; గుడ్డ మీద పడ్డాక అది సరవుతుంది. పదిహేనేళ్లు ఆ పని చేస్తే చూపు కూడా అలాగే తయారవుతుంది. ఎవరైనా నన్ను చూసి నవ్వితే, ఆ నవ్వుని తిప్పి చూస్తే ఏం కనిపిస్తుందా అని ఆలోచిస్తాను.

పని కాకుండా నాకున్నవి వయొలిను, పరాంకుశం గారి పాటలు. ఆయన మద్రాసులో సినిమాలకి సంగీతం చేస్తారు. ఆయన అభిమానులు ఈ జిల్లాలో ఎందరున్నారో తెలియదు గాని, మా పుస్తకం మాత్రం ముగ్గురిది. దాన్ని చుట్టుపుస్తకం అనేవాళ్లం. గుడివాడలో రేడియో మెకానిక్కు దేవసహాయం దానికి మొదలు. ఆదివారాలు చర్చిలో హార్మోనియం వాయిస్తాడు. కొత్త రికార్డు షాపుకి రాగానే విని, విడి కాగితాల మీద స్వరాలు రాస్తాడు. పత్రికల్లో పరాంకుశం గారి గురించి వచ్చిన ముక్కలు కత్తిరిస్తాడు. అవన్నీ బస్సులో అవనిగడ్డ వెళ్తాయి. అక్కడ హైమావతి టీచరు గారు స్వరాలని శుభ్రంగా పుస్తకంలోకి ఎక్కించి నాకు పంపుతారు. నేను వాయించి, గమకాలు గుర్తుపెట్టి, పుస్తకాన్ని గుడివాడ చేరుస్తాను. అప్పుడు దేవసహాయం పక్క ఖాళీలో ఏదో ఒకటి రాస్తాడు. “గురువుగారూ, మీ గమకం వాయించబోతే మా హార్మోనియానికి దగ్గొచ్చింది. మందు రాసి పంపండి.” ఆరేళ్లలో అలాంటివి వందల కొద్దీ. నాతో అంత చనువుగా మాట్లాడే మనిషి మరొకడు లేడు. అందుకే, ఎందుకు మాట్లాడతాడా అని కూడా ఆలోచించేవాణ్ణి.

జనవరి చివర అతని దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. సినిమా వందరోజుల వేడుకకి పరాంకుశం గారు గుడివాడ వస్తున్నారు. సినిమా హాలు మైకులు బాగుచేసేది దేవసహాయమే కాబట్టి హాలు యజమానిని పట్టుకుని, ఆయన బంగళాలో విశ్రాంతి తీసుకునే వేళ అయిదు నిమిషాలు సంపాదించాడు. “మీ ఫిడేలు ఆయన వినాలి. రాబోయే సినిమాలో నాలుగు స్వరాలతోనే కట్టిన పాట ఒకటుందట. దాని రికార్డు మా షాపుకి ముందుగా వచ్చింది. అది వాయించండి” అని రాశాడు.

పదకొండేళ్లుగా మనసులో ఎన్నోసార్లు ఆయన ముందు వాయించాను. ఇప్పుడా అయిదు నిమిషాలు దొరికితే మిగతా జీవితం ఎలా గడిచినా ఫరవాలేదనిపించింది. ఆ సంతోషం ఒక పూట నిలిచింది. సాయంత్రానికి ఇంకో ఆలోచన వచ్చింది. అవకాశం సంపాదించినవాడు తనే ఎందుకు వాయించడు? హార్మోనియం చేతిలో ఉన్నవాడు ఇంకొకరి ఫిడేలుని ఎందుకు ముందుకు తోస్తాడు? పుస్తకం ఎప్పుడూ నా దగ్గరికి చివర్న ఎందుకు వస్తుంది? వాళ్లిద్దరూ ఏదో వడపోసి, మిగిలింది నాకు పంపుతున్నారా? టీచరు గారు ఒకసారి, దేవసహాయం ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తాడనీ అందుకే తిరగరాస్తున్నాననీ చెప్పారు. అప్పుడు నమ్మాను.

ఆ రోజే కార్డు రాశాను. “ఈసారి స్వరాలు అవనిగడ్డ పంపక్కర్లేదు. తిన్నగా నాకే పంపండి. ఇంగ్లీషు అక్షరాలు వద్దు, తెలుగు అక్షరాల్లో రాయండి.”

నాలుగో రోజుకే కాగితం వచ్చింది.

ద : ద : ర : మ | స : మ : ర : ద

అక్షరాల మధ్య విసర్గల్లాంటి జంట చుక్కలు. ‘రి’కి గుడి లేదు, ‘ధ’కి ఒత్తు లేదు. సరే, అతని తెలుగు అంతే. ధ, రి, మ, స. లెక్కకి నాలుగే స్వరాలు. వయొలిను తీసి వాయించాను.

పాట కుదరలేదు. శుద్ధ ధైవతం పెట్టి చూశాను, చతుశ్రుతి పెట్టి చూశాను. ఎలా వాయించినా వెళ్లి వెళ్లి ధైవతం దగ్గర ఆగుతుంది. షడ్జమం మధ్యలో ఒకసారి ముఖం చూపించి పోతుంది. ఇల్లు మర్చిపోయిన మనిషి నడకలా ఉంది. పరాంకుశం గారు ఇలా ఎన్నడూ కట్టలేదు.

వారం రోజులు వాయించాను. వాయించేకొద్దీ పాట కాదు, కాగితం అర్థమవుతున్నట్టనిపించింది. ఆయన ఎదుట నేను ఈ వికారాన్ని వాయిస్తాను. ఆయన మొహం చిట్లిస్తారు. అప్పుడు పక్కనుంచి దేవసహాయం వినయంగా హార్మోనియం ముందుకి జరుపుకుంటాడు. అంతా సరిగ్గా అమిరింది. చెక్క మీద తిరగేసి ఉన్న పువ్వు ఇన్నాళ్లకి గుడ్డ మీద పడింది.

వేడుక జరిగే ఆదివారం, అతను రమ్మన్న రైలు కంటే ముందు రైలుకే గుడివాడ వెళ్లాను.

అతని ఇంటి సందు మొదట్లోనే హార్మోనియం వినిపించింది. ఆగి విన్నాను. నాలుగు స్వరాలు కావు. ఒకేసారి మూడేసి మెట్లు నొక్కుతూ, నిదానంగా ఒక గుంపులోంచి ఇంకో గుంపులోకి జరుగుతున్నాడు. నాకు పంపిన దానికీ దీనికీ పోలికే లేదు. చాలా బాగుంది. ఆ బాగుండడమే నన్ను కోసింది.

“గురువుగారా! ఒక బండి ముందే దిగారే! డ్రైవరు కూడా పరాంకుశం గారి మనిషేనా?” దేవసహాయం చర్చి బట్టల్లోనే ఉన్నాడు. వాయిద్యం ఆపి గుమ్మంలోకి వచ్చాడు.

వాళ్లమ్మ జ్ఞానమ్మ గారు వంటింట్లోంచి తొంగిచూశారు. “ఏంటి బాబూ, ఇంత చిక్కిపోయావ్? తిండి మానేసి ఆ రంగునీళ్లే తాగుతున్నావా?”

“రంగు నా పని కాదండీ. చెక్క.”

“అయితే చెక్కపొట్టు తింటున్నావన్నమాట. కాళ్లు కడుక్కో. టీచరమ్మ వచ్చేసరికి ఆలస్యమవుతుంది, మీరిద్దరూ తినేయండి.”

తిన్నాం. చేపల పులుసు. ఆవిడ నిలబడి వడ్డించారు, తను తినలేదు. దేవసహాయం ఏదో చెప్పి నవ్విస్తున్నాడు. నేను అతని చేతులు చూస్తున్నాను. ఎందుకంత ఉత్సాహంగా ఉన్నాడు?

చెయ్యి కడుక్కుని అడిగాను. “నేనొచ్చేసరికి ఏదో వాయిస్తున్నారు.”

“మన పాటేగా.”

“మన పాటలా లేదే.”

“అదే కదండీ కిటుకు! మీరు మొదలెట్టండి, చెప్తాను.”

“ముందు మీరు పాట వాయించండి.”

అతను వింతగా చూసి, కుడిచేత్తో ఒక్కొక్క మెట్టే నొక్కాడు. స స రి గ, ప గ రి స. పిల్లలు కూడా పాడుకునేంత తేలిక. తిన్నగా వెళ్లి తిన్నగా ఇల్లు చేరింది.

నేను పెట్టె తెరిచి వయొలిను తీశాను. అతని కాగితం ముందు పెట్టుకుని, అందులో ఉన్నది ఉన్నట్టు వాయించాను.

దేవసహాయం పకపకా నవ్వాడు. “ఇదెక్కడి పాటండీ బాబూ! పిల్లి కాలవలో పడ్డట్టుంది.”

“నవ్వండి. సాయంత్రం ఆయన ముందు నవ్వాలనుకున్నారుగా, ఇప్పుడే నవ్వేయండి.”

“ఏమంటున్నారు?”

“నాకు తప్పు పాట రాసిచ్చి, అసలుది మీరు సాధన చేసుకుంటున్నారు. నేను పరువు పోగొట్టుకుని లేవగానే అక్కడ మీరు కూర్చుంటారు. అంతేనా?”

అతని మొహంలో నవ్వు వెంటనే పోలేదు. ఎటు పోవాలో తెలియక కాసేపు అక్కడే ఉంది. దాన్ని చూస్తే నాకింకా కోపమొచ్చింది.

“మిమ్మల్ని ఎంత నమ్మాను! మీ ఇంట్లో అన్నం కూడా తిన్నాను.”

‘కూడా.’ ఆ మాట నేను అనుకుని అన్నది కాదు. కాని ఎక్కడో లేకుండా నోటికి రాదు. నా కులం, వాళ్ల కులం, ఆరేళ్లుగా నేను చేస్తున్నాననుకున్న ఏదో మేలు, అన్నీ ఆ ఒక్క మాటలోంచి బయటికొచ్చి ఆ గదిలో నిలబడ్డాయి. నేను తిన్న కంచం తీయబోతున్న జ్ఞానమ్మ గారు వంగిన మనిషి వంగినట్టే ఆగారు. తర్వాత కంచం తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయారు.

అప్పుడే హైమావతి టీచరు గారు వచ్చారు. చేతిలో చుట్టుపుస్తకం, చీర కుచ్చెళ్ల నిండా దుమ్ము. “ఏంటి, ఇద్దరూ దెబ్బలాడుకునే కోళ్లలా నిలబడ్డారు? ఆ బస్సు పామర్రులో గంట ఆపేశాడు.” నా ముందున్న కాగితం తీసుకుని చూశారు. “ఇదెవరి తెలివి?”

“గురువుగారు తెలుగక్షరాల్లో రాయమన్నారక్కా. రాశాను” అన్నాడు దేవసహాయం.

“అయ్యో నా తండ్రీ!” ఆవిడ కుర్చీలో కూలబడి నవ్వడం మొదలుపెట్టారు. “భీమేశ్వర్రావు గారూ, ఇది ‘ద’ కాదండీ, ‘డ’. డో! చర్చి పాటలు వీళ్లు డో, రే, మీ అని నేర్చుకుంటారు, మొదటి అక్షరాలే రాసుకుంటారు. మాకూ ట్రైనింగులో నేర్పారు. ఇతని డ మన స. ఇతని మ మన గ. ఇతని స మన ప. ఇన్నాళ్లూ నేను మార్చి రాసి పంపుతున్నది అందుకేగా! మీరు దీన్ని ధైవతమనుకుని వాయించారా? ఏదీ, ఒకసారి వాయించండి, నేనూ వింటాను!”

ఎవరూ నవ్వకపోయేసరికి ఆవిడ ఆగిపోయారు.

కాగితం తీసుకుని చూశాను. డ. ఒత్తులేని ధ కాదు, నిండైన డ. వెంట్రుకంత గీత పక్కకి పోతే అచ్చు పారేసే నా కన్ను, వారం రోజులు దాన్ని చూసి చూడలేకపోయింది. చూడలేకపోయిందా, చూడదలుచుకోలేదా?

“దేవసహాయం గారూ, పొరపాటు...”

“స్వరాలది పొరపాటే లెండి” అన్నాడు. హార్మోనియం తిత్తికి కొక్కెం తగిలించాడు. “మూడున్నరకి బంగళా దగ్గరుండాలి. అక్కా, మీరు తీసుకెళ్లండి.”

“నువ్వు రావా?”

“అమ్మ ఇంకా అన్నం తినలేదు.”

ఆ మాటకి టీచరు గారు నా వైపు చూశారు. నేను వయొలిను పెట్టె మూశాను.

పరాంకుశం గారు ఫొటోల్లో కంటే పొట్టిగా, అలసటగా ఉన్నారు. పడక కుర్చీలో కూర్చుని, కళ్లు మూసుకుని “ఊఁ, కానివ్వండి” అన్నారు. వాయించాను. స స రి గ, ప గ రి స. తప్పు పోలేదు. పదకొండేళ్లు ఎదురుచూసిన అయిదు నిమిషాలు రెండు నిమిషాల్లో అయిపోయాయి.

ఆయన కళ్లు తెరిచారు. “శ్రుతి శుద్ధంగా ఉంది. వెనక ఎవరూ లేరా?”

అర్థం కాక తలతిప్పి వెనక్కి చూశాను. ఆయన నవ్వారు. “హార్మోనియం సంగతి అడుగుతున్నానయ్యా. పైన నాలుగే పెట్టాను, కింద అది మారుతూ పోతుందని. పాటంతా ఆ కిందనే ఉంది. అది లేకపోతే ఇది చంటిపిల్లల పాటేగా.”

సందు మొదట్లో విన్న ఆ స్వరాల గుంపులు నాకు మళ్లీ వినిపించాయి. అతను సాధన చేస్తున్నది నా చోటు కోసం కాదు, నా కింద నిలబడడానికి.

“లేరండీ” అన్నాను.

బయటికొచ్చి నడిచాం. బస్టాండు దగ్గర టీచరు గారు అన్నారు. “ఉన్నారని చెప్పొచ్చుగా.”

“ఎందుకు రాలేదని అడుగుతారు.”

“అడిగితే?”

నేను వయొలిను పెట్టె చెయ్యి మార్చుకున్నాను.

మూడు వారాల తర్వాత పుస్తకం వచ్చింది, ఎప్పటిలా అవనిగడ్డ మీదుగా. నాలుగు స్వరాల పాట టీచరు గారి దస్తూరీలో ఉంది. దాని కింద ఒక విడి కాగితం అంటించి ఉంది. హార్మోనియం వరస, దేవసహాయం చేతిరాత. దాన్ని ఆవిడ మార్చి రాయలేదు. డ, మ, స. ప్రతి ‘డ’నీ రెండుసార్లు దిద్ది, ఎవరూ పొరపడకుండా లావుగా రాశాడు. వెక్కిరిస్తున్నాడా? లేక నాకు అర్థం కావాలని శ్రమపడ్డాడా? ఆ నల్లటి అక్షరాలని ఎటు తిప్పి చూసినా తెలియలేదు. పక్క ఖాళీలు మాత్రం ఈ చివర నుంచి ఆ చివర దాకా తెల్లగా ఉన్నాయి. దగ్గు లేదు, మందు లేదు.

ఆ ఆదివారం కూర్చుని డకి స, మకి గ, సకి ప అని ఒక్కొక్కటే మార్చుకుంటూ మొత్తం రాసుకున్నాను. వయొలిను మీద అది పలకదు. మూడు స్వరాలు ఒకేసారి కావాలి.

పుస్తకం తిరిగి గుడివాడ పంపాల్సిన రోజు, గమకాలు గుర్తుపెట్టాల్సిన చోట పెన్సిలు ఆగిపోయింది. అక్కడ ఒక వాక్యం రాశాను. “జ్ఞానమ్మ గారు ఆ రోజు అన్నం తిన్నారా?”

రాసి చూసుకున్నాను. దీన్ని కూడా వేరేలా చదవొచ్చు. మళ్లీ అన్నం మాటే ఎత్తాడు అనుకోవచ్చు. చెరపడానికి రబ్బరు చేతిలోకి తీసుకున్నాను. పెడన బండికి టైమైంది. పుస్తకాన్ని అలాగే కాగితంలో చుట్టి, దారం కట్టి, దారిలో గుడివాడ బస్సు కండక్టరు చేతికిచ్చాను.