జమ్మిబీడు కట్టుబాటు

మరీ మంచివాళ్ళతో పనిచేయడం కంటే నరకం లేదు. మా డైరెక్టరు కరుణాకర్ గారు అలాంటి మనిషే. ఒకప్పుడు లెక్కల మాస్టారు. ఎదుటివాడు కూడా తనలాగే మంచివాడని అనుకునే రకం. ఎన్నిసార్లు బోల్తా పడ్డా ఆ జబ్బు కుదరలేదు.

మాది గుంటూరు బ్రాడీపేటలో చిన్న సంస్థ. కింద కళ్ళ డాక్టరు, పైన మేము. ఊరుమ్మడి నేల ఎక్కడ పాడైపోతుంటే అక్కడికి వెళ్ళి, ఊరివాళ్ళను కూడగట్టి, ఆ నేలను మళ్ళీ నిలబెట్టడం మా పని. ఆయన అర్జీలు రాస్తారు, నేను ఊళ్ళ వెంట తిరుగుతాను. హెలెనమ్మకు నోరెక్కువని నా గురించి అందరూ అంటారు. ఉంటే ఉంది, నోరు లేకపోతే ఈ పనిలో ఒక్క రోజు కూడా నెగ్గుకురాలేం.

దర్శి అవతల వెదుళ్ళపాలెంలో జమ్మిబీడు అని పెద్ద మేత నేల ఉంది. చుట్టూ ఎటు చూసినా పత్తి, మిరప. గొర్రెలున్నవాళ్ళకి ఆ బీడు తప్ప వేరే దిక్కు లేదు. మేము మొదటిసారి వెళ్ళినప్పుడు అది బోడిగుండులా ఉంది. మేసీ మేసీ గడ్డి వేళ్ళు కూడా మిగల్లేదు. కరుణాకర్ గారు ఊరిని కూర్చోబెట్టి చెప్పారు. మూడు వానాకాలాలు ఒక్క పశువు కూడా అడుగు పెట్టకపోతే గడ్డి దానంతట అదే లేస్తుంది, ఆ తర్వాత వంతులవారీగా కలకాలం మేపుకోవచ్చు అన్నారు. నేల విషయంలో ఆయన మాట ఎప్పుడూ తప్పు కాలేదు. మనుషుల విషయంలోనే.

"మూడేళ్ళు గొర్రెల్ని నెత్తిన బెట్టుకుని తిరగమంటావా అయ్యా?" అని ఆ రోజు ఆదెయ్య లేచి అరిచాడు. ఊళ్ళో అందరికంటే పెద్ద మంద అతనిది. అతని భార్య పిచ్చమ్మ ఇంకా గట్టిగా అరిచింది. వాళ్ళు ఒప్పుకుంటే ఊరు ఒప్పుకున్నట్టే. వాళ్ళింటి చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాను. పిచ్చమ్మ పెట్టిన సజ్జరొట్టె తిని, ఆమెతోనే పోట్లాడి, బతిమాలి, చివరికి ఒప్పించాను. మాట నిలబెడితే బీడు నిలబడుతుందని చెప్పింది నేనే. పోలేరమ్మ ముందు కొబ్బరికాయ కొట్టి ప్రమాణం చేశారు. క్రైస్తవుల పేటలో చర్చి దగ్గర ప్రార్థన చేసి మావాళ్ళూ మాటిచ్చారు. బీడులోకి గొడ్డు వస్తే తప్పు సొమ్ము కట్టాలని డప్పు కొట్టి చాటారు.

ఆ మూడేళ్ళు ఆదెయ్య మందను రోడ్ల పక్కన, కాలవగట్ల మీద, కోత అయిపోయిన పత్తిచేలల్లో తిప్పాడు. ఒక చలికాలం మిరపతోట గట్టున పురుగుమందు పడిన గడ్డి మేసి సగం మంద నురగ కక్కుకుని పడిపోయింది. నేను వెళ్ళేసరికి పిచ్చమ్మ చచ్చిన గొర్రెల మధ్య కూర్చుని ఉంది. నన్ను చూసి శాపనార్థాలు పెడుతుందనుకున్నాను. "బీట్లో గడ్డి లేచిందా హెలెనమ్మా?" అని మాత్రం అడిగింది. లేచిందని చెప్పాను. ఆ గడ్డి కోసమే ఇంత కష్టానికి ఓర్చుకుంటున్నారని తలుచుకుంటే ఇంటికి వచ్చాక అన్నం సహించలేదు.

ఒకసారి వాళ్ళ మేకే తాడు తెంపుకుని బీడులో పడింది. ఎవరూ చూడలేదు. అయినా ఆదెయ్య తనంతట తాను పెద్దల దగ్గరికి వెళ్ళి తప్పు కట్టాడు. "నీకేమన్నా పిచ్చా?" అని నేనే అడిగాను. నవ్వి ఊరుకున్నాడు, మొండిఘటం.

మూడో వానాకాలం దాటేసరికి జమ్మిబీడు నిండా మోకాలెత్తు గడ్డి. ఇక మా సంస్థకు డబ్బిచ్చే దాతలు కార్లేసుకుని రావడం మొదలైంది. దాతలు వస్తున్నారంటే ముందురోజే మేము వెళ్ళి ఊరిని తయారు చేసేవాళ్ళం. ఎవరొచ్చినా అడిగేది ఒక్కటే, లోపలికి పశువులు వస్తున్నాయా అని. "ఒక్క మేక గూడా అడుగు పెట్టలేదండీ!" అని ఊరు ఊరంతా ఒక్క గొంతుతో చెప్పేది. ఆ మాటతో వాళ్ళ మొహాలు చేటంత అయ్యేవి. పసిపిల్లలకి కూడా అది నోటికి వచ్చేసింది.

ఉగాదికి బీడు తెరిచి మందలను తోలుకోవాలని అనుకున్నాం. ఈలోగా బీడు గురించి గ్రామసభ పెడుతున్నారని, పెద్దాఫీసరు వస్తున్నాడని కబురు వచ్చింది. కాగితాల్లో సర్కారుదైన ఆ బీడును మేతకోసం ఊరి పేరన అప్పగించమని మేము ఎప్పుడో అర్జీ పెట్టి ఉన్నాం.

"మన అర్జీ కదిలింది హెలెన్!" అన్నారు కరుణాకర్ గారు. ఆ ఆనందం చూడాలి.

"దేనికొస్తున్నారో కనుక్కున్నారా సార్?"

"ఇంకెందుకు వస్తారమ్మా? నీకు అన్నీ అనుమానాలే."

ఆయనే స్వయంగా ముందురోజు వెళ్ళి ఊరిని తయారు చేసి వచ్చారు. దాతలకు చేసినట్టే.

బడి ఆవరణలో షామియానా వేశారు. ఆఫీసరు కూర్చున్నాడు. వెనక కుర్చీల్లో ఇస్త్రీ చొక్కాలవాళ్ళు ఇద్దరు. వాళ్ళెవరో ఎవరూ చెప్పలేదు.

"ఆ బీడులో ఇప్పుడు పశువులు మేస్తున్నాయా?" అని అడిగాడు ఆఫీసరు.

"లేదండీ! ఒక్క మేక గూడా అడుగు పెట్టలేదండీ!" ఊరంతా ఒక్క గొంతు.

ఆఫీసరు తలెత్తి చూశాడు. "ఎన్నాళ్ళ నుంచి?"

"మూడేళ్ళండీ!"

పిచ్చమ్మ లేచి, తమ మేక పడితే తామే తప్పు కట్టిన సంగతి గర్వంగా చెప్పింది. జనం చప్పట్లు కొట్టారు. కరుణాకర్ గారు కూడా కొట్టారు. ఆఫీసరు గుమాస్తా వైపు తిరిగి, "మూడేళ్ళుగా మేతకు వాడకంలో లేదు, అని రాసుకో" అన్నాడు. ఇస్త్రీ చొక్కా ఒకటి నవ్వింది.

"ఎవరండీ వీళ్ళు?" అని లేచాను.

"సోలార్ కంపెనీవాళ్ళు. వాడకంలో లేని ప్రభుత్వ భూమి అడుగుతున్నారు. మీది ఈ ఊరేనా?"

"కాదండీ, సంస్థ తరఫున..."

"అయితే కూర్చోండి. ఇది ఊరివాళ్ళ సభ."

కరుణాకర్ గారు లేచి, గడ్డి కోసమే నేలకు విశ్రాంతి ఇచ్చామని, ఉగాదికి మందలు తోలుతామని చెప్పబోయారు. ఆఫీసరు ఓపిగ్గానే విన్నాడు. "మాస్టారూ, నేను అడిగింది మేస్తున్నాయా లేదా అని. ఊరంతా లేదంది. ఇంకోసారి అడుగుతాను. ఇక్కడ మేపుతున్నవాళ్ళు ఒక్కరున్నా ఇప్పుడే చెప్పండి" అన్నాడు.

నేను పరుగున వెళ్ళి ఆదెయ్య పక్కన గొంతుక్కూర్చున్నాను. "లేచి చెప్పు ఆదెయ్యా. అప్పుడప్పుడూ తోలానని చెప్పు. నీ ఒక్కడి మాట చాలు."

"నేను తోల్లేదు గదమ్మా."

"తోల్లేదని నాకు తెలుసయ్యా! తోలానని చెప్పమంటున్నా."

అతను నన్ను వింతగా చూశాడు. "అమ్మోరి ముందు టెంకాయ కొట్టా. ఇప్పుడు ఇంతమందిలో దొంగనని చెప్పుకోమంటావా? సగం మందను చంపుకుని నిలబెట్టుకున్న మాటమ్మా అది."

"మాట పోతే పోనీ, బీడు పోతుంది!"

"ఆ మాట నిలబెట్టమని నా చేత టెంకాయ కొట్టించింది నువ్వే గదా హెలెనమ్మా."

ఎవరూ లేవలేదు. పిచ్చమ్మకు ఏదో సగం అర్థమై, "అయ్యా, ఆ గడ్డి మాకు కావాలయ్యా" అంటూ ముందుకు వెళ్ళింది. వేరే అర్జీ పెట్టుకొమ్మని చెప్పి ఆఫీసరు లేచాడు. అందరి చేతా సంతకాలు, వేలిముద్రలు తీసుకున్నారు.

ఆ తర్వాత మేము తొక్కని గడప లేదు. ఎక్కడికి వెళ్ళినా, ఊరే చెప్పింది కదా అన్నారు. తిరిగి తిరిగి కరుణాకర్ గారు సగం మనిషయ్యారు. ఒకరోజు ఆఫీసులో కూర్చుని, "సభకు ముందురోజు ఒక్కసారి గొర్రెల్ని తోలి ఉంటే సరిపోయేదమ్మా" అన్నారు. "చేతులు కాలాక ఇప్పుడా సార్ ఆకులు!" అని కసిరాను. ఆయన కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టారు. పెద్దాయన్ని ఎందుకన్నానా అని నా మీద నాకే అసహ్యం వేసింది.

ఉగాదికి ముందే జమ్మిబీడు చుట్టూ ముళ్ళకంచె పడింది. కంపెనీకి కాపలా మనిషి కావలసి వచ్చింది. గొడ్డూ గోదా లోపలికి రాకుండా చూసే నమ్మకస్తుడు ఎవరని ఊళ్ళో అడిగారట. ఊరంతా ఆదెయ్యనే చూపించింది. ఆ మాట విని నేను నమ్మలేదు. బస్సెక్కి వెళ్ళాను.

నీలం చొక్కా వేసుకుని, చేతిలో కర్రతో గేటు దగ్గర ఆదెయ్యే ఉన్నాడు. అతని వెనక యంత్రం గడ్డిని వేళ్ళతో సహా పెకలించి కుప్పలు పోస్తోంది. కంచె బయట పిచ్చమ్మ, ఆమె వెంట మేత లేక అమ్మేయగా మిగిలిన నాలుగు గొర్రెలు. ఒక గొర్రె తీగల కింద నుంచి తల దూర్చింది. ఆదెయ్య కర్రతో నేలను కొట్టి దాన్ని అదిలించాడు.

"ఒక్క నోరు మెయ్యనీ మావా. ఎట్టాగూ పీకేస్తన్నారు గదా."

"ఒప్పుకున్నాక ఎట్టా తప్పేది?" అన్నాడు ఆమె వైపు చూడకుండా.

పిచ్చమ్మ గొర్రెలను మళ్ళించుకుని రోడ్డెక్కింది. కంచె పట్టుకుని అక్కడే నిలబడి ఏడ్చాను. కాసేపటికి ఆదెయ్య దగ్గరికి వచ్చాడు. ఓదారుస్తాడనుకున్నాను.

"కంచె మీద చెయ్యి తియ్యమ్మా" అన్నాడు, ఎంతో మర్యాదగా. "ఎవర్నీ ముట్టుకోనియ్యొద్దని చెప్పారు."