ఎవరు చెప్పారో రాసే గడి

"మేడమ్, జర ఇది చూడున్రి. జ్వరం అని కొడుతున్న, మాయమైతుంది."

వసంత బడి ల్యాప్‌టాప్‌ను రెండు చేతుల మీద పళ్ళెంలా పట్టుకుని నా వెనక నిలబడింది. నేను కుళాయి దగ్గర టీ గ్లాసులు కడుగుతున్నాను. మా బడిలో తొమ్మిది మంది ఉపాధ్యాయులం, అందులో ఆడవాళ్ళం ఇద్దరం. గ్లాసులు మీరే కడగండని మాతో ఎవరూ అనలేదు, వద్దని కూడా ఎవరూ అనలేదు. వసంత ఈ జూన్‌లోనే వచ్చింది. సైన్సు చెప్తుంది, తొమ్మిదో తరగతికి క్లాస్ టీచరు. పోయినేడు ఆ తరగతి మా ఆయన పాల్ చూసేవారు. భార్యాభర్తలన్న కోటాలో ఇద్దరికీ గట్టు మండలంలో ఒకే బడి దొరికింది. ఆ రోజు ఆయన గద్వాలలో శిక్షణకు వెళ్ళారు.

చేతులు కొంగుకు తుడుచుకుని కుర్చీలో కూర్చున్నాను. "ఏం కొట్టినవ్?"

"‘జ్వరం - తల్లి చెప్పింది’ అని. కొట్టేటప్పుడు కనబడ్తది, ఎంటర్ కొట్టంగనే ఖాళీ. ఈ వారం నలుగురు రాలె. నలుగురికీ గట్లనే అయితుంది. దయ్యం పట్టిందేమో మేడమ్."

"దయ్యాలకు ఎక్సెల్ రాదు."

వసంత నవ్వింది. ఏడాదిలో నా మాటకు ఒకరు నవ్వడం అదే మొదలేమో.

కారణం పక్కన ఎవరు చెప్పారో రాయడం మా బడి పద్ధతి. ఆగస్టు వస్తే ఇక్కడ విత్తన పత్తి పూతకొస్తుంది. పూలకు చేత్తో పుప్పొడి అద్దే క్రాసింగ్ పనికి పిల్లల్ని చేలకు తీసుకుపోతారు, బడికి మాత్రం జ్వరమని కబురు పంపుతారు. అందుకని ఉత్త జ్వరం అని రాస్తే చాలదు, తల్లి చెప్పిందా, అవ్వ చెప్పిందా, పక్కింటి పిల్ల చెప్పిందా అన్నది కూడా అదే గడిలో రాయాలని హెడ్మాస్టరు రామచంద్రయ్య గారు నియమం పెట్టారు. ఆ షీటు తయారుచేసింది మా ఆయన. మండలంలో అందరూ ఆయన్ని కంప్యూటర్ సార్ అంటారు. ఎనిమిదేళ్ళ పాటు ఆ కంప్యూటర్ సార్ షీట్లన్నీ ఇంట్లో వంటయ్యాక టైపు చేసింది నేను; తన తరగతి రోజువారీ గైర్హాజరు మాత్రం ఆయనే బడిలో కొట్టేవారు. ఒకసారి మీటింగులో ఆయనకు శాలువా కప్పితే, ఇంటికొచ్చి దాన్ని నా చేతికిచ్చి "మడతపెట్టు" అన్నారు. పోయినేడు మా పాప పోయాక ల్యాప్‌టాప్ నా దగ్గర్నుంచి తీసుకున్నారు. "నీ మనసు బాగలేదు. ఇగ ఇది ముట్టకు, నేను చూసుకుంట" అన్నారు. అది దయ అనుకున్నాను.

గడి వెడల్పు చూశాను, సరిగానే ఉంది. అక్షరాల రంగు చూశాను, నలుపే. వసంతను ‘ఊరికి పోయింది’ అని కొట్టమన్నాను. నిలిచింది. జ్వరం అని కొడితే పోయింది. అయితే వరుస చివర గైర్హాజరు లెక్క మాత్రం ఒకటి పెరిగింది. ఖాళీ గడి లెక్కలోకి రాదు. ఆ గడి మీద క్లిక్ చేసి షీటు పైనున్న పట్టీలో చూస్తే ‘జ్వరం - తల్లి చెప్పింది’ అని పూర్తిగా ఉంది. అంటే మాట ఎక్కడికీ పోలేదు. గడుల్లో రంగులు మార్చే నియమాల జాబితా తెరిచాను. ఒకటే నియమం ఉంది. గడిలో జ్వరం అన్న మాట ఉంటే అక్షరాలు తెల్లగా మార్చాలి. తెల్ల గడిలో తెల్ల అక్షరాలు. కంటికీ కనబడవు, ప్రింటులోనూ రావు.

"ఎవరన్న కావాలని చేసిన్రా మేడమ్?"

"కావాలనే."

పోయినేడు సెప్టెంబరులో ఆరోగ్య శాఖవాళ్ళు బడికి వచ్చారు. నీళ్ళ ట్యాంకుకు మూత లేదు, లోపల దోమ పురుగులు ఆడుతున్నాయి. గైర్హాజరు వివరాలు ప్రింటు అడిగితే మా ఆయన తీసి ఇచ్చారు. అది చూసి, ఆగస్టులో పిల్లలకు జ్వరాలు లేవని వాళ్ళు రాసుకుని వెళ్ళారు. గడులు తుడిచేస్తే మొత్తం లెక్క హాజరు పట్టీతో కలవదు. తెల్లగా చేస్తే కలుస్తుంది. హెడ్మాస్టరు చెయ్యమన్నారో, ఈయనే చేశారో నాకు తెలియదు. ఈ ఏడు వసంతకు అదే షీటు కాపీ చేసి ఇచ్చినట్టున్నారు, నియమం కూడా దాంతో వచ్చింది.

అదే ఫోల్డరులో పోయినేటి షీటు కూడా ఉంది. తెరిచాను. ఆగస్టు నెలలో తొమ్మిదో తరగతి దాదాపు ఖాళీగా, శుభ్రంగా ఉంది. పదిహేడో నంబరు దగ్గర నా కళ్ళు ఆగాయి. అక్కడ రెబెకా అని ఉంది.

రెబెకా నా కూతురు. ఆ ఆగస్టు ఆరు, బుధవారం పొద్దున ఒళ్ళు కాలింది. అప్పుడు నేను పొయ్యి దగ్గరున్నాను, ఆయన బూట్లు వేసుకుంటున్నారు. "పాపకు జ్వరం ఎక్కువుంది, గద్వాల దవాఖానకు తీస్కపోదామా" అని అడిగాను. అడిగానని నాకు గుర్తు. శనివారం ముక్కులోంచి రక్తం కారింది. అప్పుడు గద్వాల తీసుకువెళ్ళాం. డెంగీ అన్నారు, కర్నూలుకు పొమ్మన్నారు. అంబులెన్సు అలంపూర్ చౌరస్తా దాటలేదు.

పాపను మట్టి చేశాక బంధువులందరి ముందు ఆయన అన్నారు, "నాకొక్క మాట చెప్తే కద. చెప్తే తీస్కపోకపోదునా?" గట్టిగా అనలేదు, ఏడుస్తూ అన్నారు. అందుకే అందరూ నమ్మారు. చెప్పాను కదా అని నేనంటే, "నువ్వు మనసుల అనుకున్నవు ఎస్తేరు, నాకు చెప్పలె" అన్నారు. మా అత్తమ్మ రూతమ్మ అంటూనే ఉంది. "లోకం పిల్లలకు పాఠాలు చెప్పవట్టె, ఇంట్ల పిల్ల ఒళ్ళు ఎట్లున్నదో తెల్వకపాయె." నెలలు గడిచాక నాకూ అనుమానం వచ్చింది. పొయ్యి చప్పుడులో వినబడేట్టు అన్నానా? అసలు నోరు తెరిచానా? క్లాసులో లెక్క చేస్తూ చేస్తూ ఆగిపోయి, ఆ పొద్దున నా నోరు కదిలిందా లేదా అని తడుముకునేదాన్ని. చివరికి చెప్పలేదనే ఒప్పుకున్నాను. ఒప్పుకుంటే ఇంట్లో మాటలైనా తగ్గాయి. ఈ ఆదివారం పాప జ్ఞాపకార్థ కూడిక. సంఘం ముందు నేను నిలబడి సాక్ష్యం చెప్పాలని, నా అశ్రద్ధకు దేవుణ్ణి క్షమాపణ అడగాలని అత్తమ్మ పాస్టరు గారితో మాట్లాడింది. నేను సరేనన్నాను. రెండు వాక్యాలు రాసుకున్నాను కూడా.

ఆరో తారీకు గడి మీద క్లిక్ చేశాను. పైన పట్టీలో అక్షరాలు వచ్చాయి.

‘జ్వరం - తల్లి చెప్పింది.’

ఏడో తారీకు: ‘జ్వరం - తల్లి చెప్పింది.’ ఎనిమిది: ‘జ్వరం ఎక్కువ - తల్లి చెప్పింది.’

నలభై మంది పిల్లలకు రాసే అలవాటు చొప్పున రాశారు. ఆ తల్లిని నేనే. ఆ మూడు రోజులూ ఆయన నా మాట విన్నారు, ఈ గదిలో కూర్చుని రాసుకున్నారు, ఇంటికొచ్చి నేను పెట్టిన అన్నం తిన్నారు.

నాకు ఏడుపు రాలేదు. ముందుగా అనిపించింది, నా నోరు కదిలింది అని. చెయ్యి అదంతట అదే పెదవుల మీదికి పోయింది.

"మేడమ్, నీళ్ళు తేవాల్నా?" వసంత అడిగింది.

"వద్దు. చూస్తుండు."

ముందు పోయినేటి షీటులో నియమం తీసేశాను. ఆగస్టు నెల నిండా నల్లటి మాటలు లేచాయి. జ్వరం - అవ్వ చెప్పింది. జ్వరం - నాన్న చెప్పిండు. పదకొండు మంది పిల్లలు. వసంత ఒక్కొక్క పేరూ నోట్లోనే చదువుకుంటూ పదిహేడో వరుస దగ్గర ఆగింది. నా భుజం మీద చెయ్యి వేసి తీసేసింది. తర్వాత ఈ ఏటి షీటులోనూ తీసేశాను. నలుగురు కనబడ్డారు. రెండు షీట్లూ ప్రింటు తీశాం.

రామచంద్రయ్య గారు కాగితాలు చూసి కళ్ళజోడు తీశారు. "పాల్ సార్ రానియ్యమ్మా. ఆయనకు తెలుస్తది ఇదంత. రేపు చూద్దాం."

"నలుగురికి జ్వరం ఉంది సార్. ట్యాంకుకు ఇంకా మూత లేదు. ఆరోగ్య కేంద్రానికి వసంత ఇప్పుడే ఫోన్ చేసింది, వాళ్ళు బయల్దేరిన్రు."

ఆయన నా వైపు చూడలేదు. "ఇంటి దుఃఖం బడికి తేవొద్దమ్మా."

"బడి నుంచే మా ఇంటికి పోయింది సార్" అన్నాను. పాపను కుట్టింది ఆ ట్యాంకు దోమేనని నిరూపించలేను. అయినా అన్నాను.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అత్తమ్మ వాకిట్లో కూర్చుని ఆదివారం భోజనాలకు బియ్యం చెరుగుతోంది. ఆయన అప్పుడే వచ్చి మంచం మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నారు. హెడ్మాస్టరు ఇంకా చెప్పినట్టు లేదు. నేను టీ పెట్టలేదు. ఆయన కాసేపు చూసి, "చాయ్?" అన్నారు. నేను కదలలేదు.

"పాస్టరు గారు ఫోన్ చేసిండు ఎస్తేరు" అంది అత్తమ్మ చేట ఆపకుండా. "సాక్ష్యం పది నిమిషాలు చాలన్నడు. ఏడ్సుకుంట మధ్యల ఆగకు. మంచిగ రాసుకో."

"నేను చూసి దిద్దుతా" అన్నారాయన, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా. "రాసినవా?"

బ్యాగులోంచి మడతపెట్టిన ప్రింటు తీసి ఆయన పక్కన మంచం మీద పెట్టాను. పదిహేడో వరుస పైకి వచ్చేట్టు.

"నేను రాసుకున్నది చదవను" అన్నాను. "ఆదివారం మీరు రాసిందే చదువుత."