చూరు కింది మట్టి

కొంబో ఎర్రపలక ఎత్తి మట్టి లారీని ఆపాడు. ఎదురుగా వచ్చే బండి దాటిపోయాక పలక తిప్పి పచ్చవైపు చూపించాడు. పొద్దస్తమానం అతని ఉద్యోగం అదే. టాంగా తీరంలో చమురు డిపోను పెంచుతున్నారు. పాత ట్యాంకుల పక్కన కొత్తవి లేస్తాయి, రేవు దాకా గొట్టాలు పడతాయి. డిపో కోసం కంపెనీ కొనేసిన ఊళ్లోనే ఒకప్పుడు వల వేసుకుని బతికిన మనిషి కొంబో. బీటలువారిన మడమలు, ఉప్పుగాలికి ఎర్రబడ్డ కళ్లు, ఒంటి మీద వేలాడే నారింజరంగు చొక్కా. ఒకసారి చూసినవాళ్లు మళ్లీ చూసే మనిషి కాదు.

పొద్దున ఉడికించిన కర్రపెండలం పెడుతూ భార్య సివేమా ఒక్కటే మాట అంది.

"ఇవాళ మన పాత పెరడు తవ్వుతారంట. ఒక్క తట్టెడు మట్టి తీసి పక్కన పెట్టమను. ఈ ఒక్కసారైనా నోరు తెరువయ్యా."

పేరు పెట్టకముందే పోయిన బిడ్డను ఆ ఊరివాళ్లు శ్మశానానికి తీసుకెళ్లరు. ఇంటి వెనక చూరునీళ్లు పడేచోట పూడ్చి, ఇక ఆ మాట ఎత్తరు. ఎత్తితే తర్వాతి బిడ్డ నిలవదని నమ్మకం. కంపెనీవాళ్లు సమాధులు లెక్కపెట్టడానికి వచ్చినప్పుడు కొంబో, "మా పెరట్లో ఏమీ లేవు బాబూ" అనేశాడు. అప్పటికే సివేమా జుట్టు నెరిసిపోయింది. ఆ తర్వాతి బిడ్డ రానేలేదు. అయినా మూసుకోవడం అలవాటైన నోరు తెరుచుకోలేదు. పెద్దల సమాధులన్నీ దువా ప్రార్థన చదివి కొత్తచోటికి మార్చారు. వాళ్ల పసిగుడ్డు మాత్రం డిపో కంచె లోపలే ఉండిపోయింది.

తవ్వే యంత్రం నడిపేది మసాంజా. లోపలిసీమ నుంచి వచ్చిన సుకుమా తెగవాడు. తీరంవాళ్లకూ సుకుమాలకూ తాతలనాటి ఎకసెక్కాల చుట్టరికం. ఎదురుపడితే తిట్టుకోవాలి, ఎంత తిట్టినా నొచ్చుకోకూడదు. చావింటికి వెళ్లి కూడా వేళాకోళమాడి ఏడ్చేవాళ్లను నవ్వించాలి. నవ్వించలేనివాడు చుట్టమే కాదు.

"ఏం బావా, ఇంకా బతికే ఉన్నావా? నీ చావుకూడు తిందామని పస్తుండి వచ్చాను" అన్నాడు మసాంజా యంత్రం ఎక్కుతూ.

వేరే రోజైతే కొంబో, "పోరా పేడమొహమా" అని తిప్పికొట్టేవాడే. ఇవాళ దగ్గరికి వెళ్లి యంత్రం తలుపు పట్టుకుని, జన్మలో మొదటిసారి ఆ మాట బయటపెట్టాడు.

"బావా, ఆ కూలిన గోడ పక్కన నా బిడ్డ ఉంది. ఒక్క తట్టెడు మట్టి నాకు వదిలెయ్."

మసాంజా పగలబడి నవ్వాడు. "మీ తీరంవాళ్లు ఘటికులు బావా! ఇళ్లు అమ్ముకున్నారు, కొబ్బరిచెట్లు అమ్ముకున్నారు, ఇప్పుడు మట్టికి కూడా వారసుల్ని పుట్టిస్తున్నారా?"

"నిజం బావా. ఆడపిల్ల."

"అయితే నా మేనకోడలన్నమాట! ఊయల ఊపాల్సిందే" అంటూ మీట లాగాడు. యంత్రం చెయ్యి గోడ పక్కన దిగింది, మట్టితో పైకి లేచింది. మసాంజా దాన్ని రెండుసార్లు అటూ ఇటూ ఊపి మరీ లారీలో పోశాడు.

కొంబో పరుగున వచ్చి లారీ ముందు ఎర్రపలక ఎత్తాడు. వెనక బండ్లు పోగుపడ్డాయి. హారన్లు మోగాయి. మేస్త్రీ ఈల వేసి, "ఏయ్ ముసలాయనా, నిద్రపోయావా?" అని కేకేశాడు. కొంబో చెయ్యి ఆ కేకకు తనంతట తానే పలక తిప్పేసింది. లారీ పచ్చరంగు చూసుకుని పోయింది.

తిండివేళకు కొంబో తడిసిన చెంపలు చూసి మసాంజా నవ్వు ఆగింది. "ఎగతాళి అనుకున్నా బావా! ఎగతాళనే అనుకున్నా!" అంటూ కింద కూలబడ్డాడు. అప్పటికి ఆ మట్టి కొత్త ట్యాంకు పునాదిలో రోలరు కింద అణిగిపోయింది. కొంబోకు అతని మీద కోపం రాలేదు. చుట్టం చేయాల్సిందే చేశాడు. కోపం తెచ్చుకోవడానికి తన చెయ్యి తప్ప ఎవరూ మిగల్లేదు.

సాయంత్రం గుమ్మంలోనే సివేమా అతని ఖాళీ చేతులు చూసింది. అన్నం పెట్టింది, గిన్నె కడిగి బోర్లించింది, తల మీద గుడ్డ కప్పుకుంది.

"పడవ ఉంది. మా అన్న దగ్గరికి పోతున్నా."

"ఎప్పుడొస్తావు?"

ఆమె చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. కొంబో లేచి లోపలికి వెళ్లాడు. మంచం మీద, తట్టెడు మట్టి మూటకట్టేందుకు ఉతికి ఆరేసిన మూరెడు తెల్లగుడ్డ, నాలుగు కొసలూ సరిచేసి పరిచి ఉంది.