సూట్‌కేసు కక్కిన సామాను

పొద్దున కాఫీలయ్యాక చిన్నోడు సూట్‌కేసు సర్దాడు. తొమ్మిదిన్నరకల్లా సూట్‌కేసు మొత్తం కక్కేసింది.

చొక్కాలు మంచం మీదకి, బూట్లు గుమ్మం వైపుకి, ఆర్నెల్లకి సరిపడా మాత్రల డబ్బా దొర్లుకుంటూ వంటగదిలోకి. మూడు రోజుల్లో ఇది అయిదోసారి.

"దీని దుంప తెగ!" అన్నాడు చిన్నోడు. ముప్ఫయ్యారేళ్ళొచ్చినా ఇంట్లో చిన్నోడే కాబట్టి అంతకంటే పెద్ద తిట్టు తిట్టే హోదా అతనికింకా రాలేదు.

"మాత్రలొచ్చాయిరా," అంది వంటగదిలోంచి అమ్మ, ఉత్తరం వచ్చిందన్నంత మామూలుగా. "అలమరలో పెట్టెయ్యనా?"

"అలమరలో ఎందుకమ్మా? రేపు సాయంత్రం నా విమానం!"

"ఏమో నాయనా. అది ఉంచుకోలేదంటే వెళ్ళవనేగా?"

ఆ సూట్‌కేసు నాన్న కొన్నది, ఇనప గొళ్ళేలది. ఎవరు ప్రయాణమవుతారో వాళ్ళ సామానే కడుపులో పెట్టుకుంటుంది. ఒకసారి తన బట్టలు బయటికి తోసేసిందని నాన్న టిక్కెట్టు వాపసిచ్చి వచ్చి పడుకున్నాడు. తెల్లారేసరికి ఆయన దవడలు రెండూ వాచిపోయి గవదబిళ్ళలు తేలాయి. అప్పట్నుంచి ఇంట్లో డాక్టరు మాటకన్నా దాని మాటకే విలువ.

కానీ ఈసారి చిన్నోడు ఆగేలా లేడు. సముద్రాలవతల ఒక కుట్టు శిక్షణ కేంద్రంలో రెండేళ్ళ పాటు, జీతం లేకుండా, పాత కుట్టుమిషన్లు బాగుచెయ్యడం అక్కడి ఆడవాళ్ళకి నేర్పాలి. తిండీ గదీ సంస్థ వాళ్ళే చూసుకుంటారు. పక్క షాపు టైలరు పోయిన వారమే వీడ్కోలు సభ పెట్టి, మైకిచ్చి, చిన్నోడి ఫోటో అతికించిన గోడగడియారం బహూకరించాడు. సభ అయ్యాక వెళ్ళకుండా ఉండటమెలాగో లోకంలో ఎవరూ కనిపెట్టలేదు.

సూట్‌కేసు ప్రతిసారీ అన్నిటికంటే ముందు కక్కేది ఆ గడియారాన్నే.

"అంత గట్టిగా విసరాలా?" అన్నాడు చిన్నోడు, అద్దం పగిలిన తన మొహం చూసుకుంటూ.

ఆరోసారి దోమతెర అడుగున పెట్టి, బట్టలు చుట్టలు చుట్టి కూరి, బట్టలారేసే తాడు తెచ్చి చుట్టూ కట్టి, దాని మీదెక్కి కూర్చున్నాడు. కాసేపు ఊరుకుంది. తర్వాత అతన్ని కూడా సామాను కిందే జమకట్టి నేల మీదకి దించేసింది.

ఆ చప్పుడుకి అక్క లేచొచ్చింది. ముందుగదే వాళ్ళ రిపేరు షాపు. చేతులకి మిషను నూనె, ముక్కు మీదకి జారిన కళ్ళజోడు.

"అవతల పద్నాలుగు మిషన్లు పడున్నాయి. ఇక్కడ నువ్వు పడున్నావు. లే. సర్దడం కూడా నేనే చెయ్యాలా?"

కళ్ళజోడు తీసి సూట్‌కేసులో ఓ మూల పెట్టి, చేతులు తుడుచుకుని, చొక్కాలు మడతపెట్టడం మొదలెట్టింది. సూట్‌కేసు చొక్కాల్ని తోసేసింది, కళ్ళజోణ్ణి ఉంచుకుంది. ఆమె లాగింది. రాలేదు.

"నా కళ్ళజోడివ్వవే, పనుంది!" అంటూ వంగితే భుజం మీది తువ్వాలు జారి లోపల పడింది. అదీ రాలేదు. తువ్వాలు లాగబోతే నడుముకి కట్టుకున్న పనిముట్ల సంచి దానంతటదే విప్పుకుని, పాత కాపరంలోకి వెళ్ళినట్టు, వెళ్ళి సర్దుకుని కూర్చుంది.

అమ్మ గుమ్మంలోంచి తొంగి చూసింది. "ఓహో," అని, "నీ రాత్రి మాత్రలు కూడా తేనా?" అంది కూతురితో.

చిన్నోడు చెవులు ఎర్రగా చేసుకుని నేల మీదే కూర్చుండిపోయాడు. సూట్‌కేసుకేం తెలిసిందో అతనికి తెలుసు.

ఎంపిక కోసం సంస్థ వాళ్ళు అక్కకీ అతనికీ చెరో చెడిపోయిన మిషనిచ్చారు. వారంలో బాగుచేసి, పేరు చీటీ కట్టి పంపాలి. ఇద్దరి మిషన్లూ ఒకే బల్ల మీద ఉన్నాయి. చీటీలు కట్టింది అతనే, ఆటో వాడు తొందర పెడుతుంటే. తారుమారయ్యాయి. అది నిజంగా పొరపాటే. కానీ ఇంటికొచ్చాక, తన పేరు చీటీ కట్టేటప్పుడు వేలికి అంటుకున్న దారం అక్క మిషనుదని చూసుకుని కూడా నోరు మూసుకోవడాన్ని పొరపాటనరు. అతను మొదటివాడయ్యాడు, అక్క రిజర్వు అయింది.

"అక్కా," అన్నాడు. "వాళ్ళు మెచ్చుకున్న మిషను నీది. చీటీలు మారిపోయాయి."

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"సంస్థ ఉత్తరం మైకులో చదివావుగా? 'స్క్రూ ఊడకుండా బిగించి, తల మీద గోళ్ళరంగు చుక్క పెట్టిన ఆలోచన మాకెంతో నచ్చింది' అని. అదీ రెండుసార్లు. గోళ్ళరంగు నువ్వెప్పుడు కొన్నావురా?"

"మరి చప్పట్లెందుకు కొట్టావు?"

"నా గురించేగా."

చిన్నోడు నేల మీంచి దిగ్గున లేచాడు. "అప్పుడే అడగొచ్చుగా!"

"అడిగితే ఇచ్చేవాడివే. నువ్వే చెప్తావేమోనని చూశా. నా ఓపిక్కివ్వాలి ఆ గడియారం." ఆమె కింద పడ్డ చొక్కా ఒకటి తీసి మడతపెట్టింది. "పదిహేనేళ్ళుగా ఆ బల్ల దగ్గరే కూర్చున్నానురా. ఒక్కసారి లేచి చూద్దామనుకున్నా."

అతను ఫోను తీశాడు. సంస్థ ఆవిడ అంతా విని, నిట్టూర్చి, రిజర్వు కాగితాలు, వీసా ఎలాగూ తయారుగానే ఉన్నాయని, సాయంత్రంలోగా టిక్కెట్టు మీద పేరు మారుస్తామని చెప్పింది.

"అయితే కుట్టు తప్పే ఆ రెండో మిషను మీదేనన్నమాట?"

"అవునండీ."

"ఇంకా తప్పుతూనే ఉందండీ," అని పెట్టేసింది.

మర్నాడు మధ్యాహ్నం సూట్‌కేసు దానంతటదే గొళ్ళేలు వేసుకుంది. తూచి చూస్తే ఇరవైమూడు కిలోలు, గ్రాము ఎక్కువా లేదు తక్కువా లేదు. టైలరు మళ్ళీ సభ పెడతానన్నాడు గానీ అక్క ఒక్క చూపు చూసింది.

కారు దగ్గర అమ్మ కళ్ళొత్తుకుంది. "చలేస్తే స్వెట్టరు వేసుకో," అంది, అక్కడ చలి ఉంటుందో లేదో తెలియకుండానే. అక్క మాత్రం చిన్నోడికి లెక్క అప్పగిస్తూనే ఉంది: మూడో దానికి బెల్టు మార్చాలి, ఏడో దాంట్లో దారం ముక్క ఇరుక్కుంది, పదకొండోది మిషను తప్పు కాదు, దాని యజమానురాలి తప్పు, ఆవిడతో వాదించకు.

డిక్కీ మూయబోతుంటే సూట్‌కేసు గొళ్ళెం ఒకటి టక్కున ఊడింది. సందులోంచి చిన్న సీసా ఒకటి ఎగిరి చిన్నోడి అరచేతిలో పడింది. ఎర్ర గోళ్ళరంగు. గొళ్ళెం మళ్ళీ బిగుసుకుంది.

అక్క ఆ సీసా వైపూ, తమ్ముడి మొహం వైపూ చూసింది.

"రెండు పెట్టాను. ఒకటి నీకట," అని కారెక్కింది. కారు కదిలాక అద్దం దించి, తల బయటికి పెట్టి అరిచింది:

"ఒరేయ్! ముందు స్క్రూ బిగించు! తర్వాతే చుక్క!"