తవిటిమాను వర్ణన

పొద్దున నేను పొరపాటున పనస అని బోర్డు తగిలించిన చెట్టు, టిఫిన్ వేళకల్లా పనసపళ్లు కాస్తోంది.

మా తోటలో ఇది మామూలే. చెట్లు బోర్డులు చదువుకుంటాయి, రాసినట్టు నడుచుకుంటాయి. అందుకే బోర్డులు తగిలించే పని మాలీలకు ఇవ్వరు, పరిశోధన విభాగంలో ఉన్న నాకు ఇస్తారు. పనస బోర్డూ, ఈ చెట్టు బోర్డూ ఒకే చంకలో పెట్టుకుని, ఫోన్లో మా చెల్లెలితో మాట్లాడుతూ తగిలించాను.

నిజానికి ఆ చెట్టు తవిటిమాను. బెరడు గీకితే తవుడు రాలుతుంది కాబట్టి ఆ పేరు. అది పుట్టిన కొండ ఇప్పుడు జలాశయం అడుగున ఉంది, లోకంలో మిగిలింది ఈ ఒక్క మానే. సాయంత్రంలోగా దాన్ని మళ్లీ దాని ఒంట్లోకి తేకపోతే వేళ్లు కూడా పనసవైపోతాయి. ఇక తవిటిమాను అనేదే ఉండదు.

ఈ సంగతి చెబుదామని డైరెక్టర్ భుజంగరావు గారి కోసం వెతుకుతాను. ఆయన అప్పటికే చేతులకు నూనె రాసుకుని ఆ చెట్టు కిందే కాయ కోస్తున్నారు. సందర్శకులు వరస కట్టారు. ఇన్నేళ్లలో మన సంస్థ జనానికి ఏదైనా పెట్టడం ఇదే మొదలంటూ తొనలు పంచుతున్నారు. నా చేతిలోనూ ఒకటి పెడతారు. తిలాపాపం తలా పిడికెడు అని వినడమే గాని, ఆ పిడికెడు ఇంత తియ్యగా ఉంటుందనుకోలేదు. తింటాను. గింజ ఉమ్మడానికి సిగ్గేసి మింగేస్తాను. తేలు కుట్టిన దొంగలా అందరితోపాటు నేనూ నవ్వుతాను.

జనం భోజనాలకు వెళ్లాక అసలు బోర్డు పట్టుకుని వస్తాను. పనస బోర్డు విప్పి దీన్ని కడతాను. చెట్టు నిదానంగా చదువుకుంటుంది. అది కడప కొండల చెట్టు, మాట కూడా అక్కడిదే.

"తవిటిమాను అంటే ఎట్లుంటాది మ్మా?" అని అడుగుతుంది.

"నీకు తెలియదా? నువ్వే కదా."

"పొద్దున పనస అని రాసినావు. సదువుకున్నదానివి, ఉత్తినే రాస్తావా అని ఉండేదంతా మర్సిపోతి. నువ్వే చెప్పు. నువ్వు చెప్పినట్లే అవుతా."

కోప్పడినా బాగుండేది. అది నన్ను నమ్ముతోంది. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

అయితే ఆ చెట్టు నాకు బాగా తెలుసు, నా డాక్టరేటు దాని మీదే. గొంతు సవరించుకుని మొదలుపెడతాను. ఆకులు ఒకదాని తర్వాత ఒకటి, ఎడమా కుడీ, అంటాను. చెట్టు అలాగే వేస్తుంది. పనసకాయలు కరిగి బెరడులోకి ఇంకిపోతాయి. నాకు ప్రాణం లేచి వస్తుంది. ఆకు రంగు గోధుమ, అంటాను. గోధుమ రంగుకు తిరుగుతుంది. పెళుసు, అంటాను. పెళుసెక్కుతుంది. పువ్వు అంచులు ముడుచుకుని ఉంటాయి, మందం కాగితమంత, అంటాను. అలాగే పూస్తుంది.

అప్పుడు తెలుస్తుంది నాకు. నేను వర్ణిస్తున్నది చెట్టును కాదు, మా విభాగం అల్మారాలో నమూనాగా అట్టకు అతికించి ఉన్న దీని ఎండుకొమ్మను. డాక్టరేటంతా ఆ కొమ్మ ముందు కూర్చునే రాశాను. కిటికీ అవతల ఈ చెట్టు పూసినప్పుడల్లా కర్టెన్ వేసేదాన్ని, కొమ్మ మీద ఎండ పడకూడదని.

అంత పొడుగు మానూ ఇప్పుడు అట్టముక్కలా చదునుగా నిలబడి ఉంది. పక్క నుంచి చూస్తే కనపడదు. దాని నీడ దారమంత.

"ఇట్లేనా మ్మా నేనుండింది?" అని అడుగుతుంది. గొంతు కూడా పలచబడింది.

కాదు అనాలి. కాదంటే, మరి ఎట్లా అని అడుగుతుంది.

"ఇట్లాగే," అంటాను.

"అట్లయితే సరే," అంటుంది. సిగ్గుతో నా చెవులు మండుతున్నాయి.

సాయంత్రం తేనెటీగలు వస్తాయి. ఇవి ఈ పూలకే పుట్టినవి, వేరే పూలు ముట్టవు. చదును పూల మీద వాలి, లోపలికి దారి దొరక్క, అటు తిరిగి ఇటు తిరిగి చివరికి నా పెదాల మీద వాలుతాయి. ఆ పూలు వచ్చింది నా నోటి నుంచే కదా, కాదనడానికి నాకు మొహం లేదు. నోరు తెరుస్తాను. ఒక్కొక్కటే లోపలికి వెళ్లి నాలుక కింద వెతుకుతాయి, అంగిట్లో వెతుకుతాయి, ఏమీ దొరకక గొంతులోకి దిగుతాయి. డైరెక్టర్ గారు సందర్శకులను వెంటబెట్టుకుని వచ్చి, మెల్లగా రండి, పూత మీద ఉంది అని నన్ను చూపిస్తున్నారు. తల్లులు పిల్లలను ఎత్తుకుని నా నోటి దగ్గరకు వంచుతున్నారు. పిల్లలు కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి పీలుస్తున్నారు. నేను నోరు మూయడం లేదు.