ఉల్లిగడ్డలకు పోయిన డబ్బా

రెజీనా కంప్యూటర్‌ను ఆ ఇంట్లో ఎవరూ కంప్యూటర్ అని పిలిచిన పాపాన పోలేదు. అత్తకు అది డబ్బా. పెనిమిటికీ డబ్బానే. జ్యోతినగర్ నుంచి కారులో వచ్చే మరిది టిమోతికి మాత్రం అది ‘మ్యూజియం పీసు’. చదువుకున్నవాడు కదా, వెక్కిరింపుకు కూడా ఇంగ్లీషే కావాలి.

తొమ్మిదేళ్ల కిందట, మూతపడుతున్న ఒక డీటీపీ షాపువాళ్ల దగ్గర ప్రింటరుతో సహా కొన్నది అది. అందులోని విండోస్ తొంభై ఎనిమిది అప్పటికే పాతబడింది. తెలుగు టైపు చేసే సాఫ్ట్‌వేర్ ఇంకా పాతది. అది తెరుచుకోవాలంటే డబ్బా వీపున బొటనవేలంత నల్లటి ముక్క ఒకటి బిగించి ఉండాలి. దాన్ని లాక్ అంటారు. పోగొట్టుకుంటే ఇంకోటి ఇచ్చే నాథుడు లేడు, అమ్మిన కంపెనీయే దివాలా తీసింది. అందుకే రెజీనా దాని మరలను నెలకోసారి కూరగాయల చాకు మొనతో బిగించేది.

డబ్బాను నడిపే పద్ధతులు ఆమెకే తెలుసు. వారానికోసారి మూత విప్పి సైకిలు పంపుతో గాలి కొట్టాలి. లోపలి నుంచి బొగ్గుపొడి గుప్పున లేచేది. పొద్దున్నే దానికి తేదీ చెప్పాలి. చెప్పకపోతే ఇంకా తొంభై ఎనిమిదిలోనే ఉన్నాననుకునేది. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో బ్లాస్టింగు సైరన్ మోగగానే ఆపెయ్యాలి. మానిటరు కింద పెట్టిన రెండు ఇటుకలు ఆ అదురుకు పక్కకు జరిగేవి. ఆమె మళ్లీ సరిచేసుకునేది.

ఇంత చాకిరీ ఎందుకంటే, పాటల కోసం. బొగ్గుబాయిల పనికని ఊళ్లు విడిచి వచ్చిన మొదటి తరం క్రైస్తవులు కంజీర కొట్టుకుంటూ కట్టుకున్న పాటలవి. ఏ కీర్తనల పుస్తకంలోనూ లేవు. అత్త సుగుణమణికి కంఠతా వచ్చు. ఆమె తమలపాకు నములుతూ పాడితే, రెజీనా మూడేళ్లు కూర్చుని టైపు చేసింది. రెండువందల పద్నాలుగు పాటలు. సంఘానికి యాభై ఏళ్లు నిండుతున్నాయని, కొత్త సంవత్సరం ఆరాధనలో పుస్తకం విడుదల చేస్తామని పాస్టరు అయ్యగారు ప్రకటించేశారు. డిసెంబరు ఇరవై ఆరుకల్లా పేజీలు మంచిర్యాల ప్రెస్సులో ఉండాలి. లేకపోతే పుస్తకం లేదు.

ఇరవయ్యో తారీఖున రెజీనా మందమర్రిలో పిన్ని కూతురి నిశ్చితార్థానికి వెళ్లి, ఇరవై ఒకటిన తిరిగొచ్చింది. గుమ్మంలోనే అత్త ఎదురైంది, ముఖం వెలిగిపోతూ.

“సూడు బిడ్డా, అయిదు కిలోలు! నాలుగే ఇస్త అన్నడు. నేను ఊకున్ననా? అయిదు పట్టిన.”

చాపమీద ఎర్రటి ఉల్లిగడ్డల కుప్ప. రెండు వేల పది డిసెంబరు అది. ఉల్లిగడ్డ ధర కొండెక్కి కూర్చున్న రోజులు. పాత ఇనుముకు ఉల్లిగడ్డలిచ్చే బుచ్చన్న బండి ఆపితే ఆడవాళ్లు తుప్పుపట్టిన పెనాలు కూడా వెతికి తెస్తున్నారు.

“ఏమిచ్చినవు అత్తమ్మా?”

“నీ డబ్బా. టిమోతే చెప్పిండు. కొత్తది తెచ్చిండు సూడు, లోపటున్నది.”

లోపలికి వెళ్లి చూస్తే మేజాబల్ల మీద పాత మానిటరు పక్కన నిగనిగలాడే నల్ల కంప్యూటర్ కూర్చుని ఉంది. దాని ముందు భాగంలో బంగారు రంగు అక్షరాలతో ‘టిమోతి–డెబోరా దంపతుల కానుక’ అని అంటించి ఉంది. రెజీనాకు ఆశ్చర్యమేమీ కలగలేదు. మందిరంలో ఫ్యానిస్తే మూడు రెక్కల మీదా పేరు రాయించుకున్న మనిషి టిమోతి. అది తిరిగేటప్పుడు ఎవరికీ కనబడదని ఆయనకు తోచలేదు, అంతే.

ఆయన కూడా అక్కడే ఉన్నాడు, టీ తాగుతూ.

“వదినా, ఫికర్ చెయ్యకు. ఫైళ్లన్ని సీడీల ఎక్కించి దీంట్ల పెట్టిన. పాటలు యాడికి పోలే.”

“తెరిచి చూసినవా?”

“తెరుసుడేముంది? ఫైలు ఫైలే.”

రెజీనా తెరిచింది. తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, గీతలు, కొక్కేలు. మొదటి పాట ‘చీకటి బాయిల దీపమా’ అన్నది ఎవరో కోపంతో కీబోర్డు మీద కొబ్బరికాయ కొట్టినట్టు ఉంది.

“వైరస్,” అన్నాడు టిమోతి, తడుముకోకుండా.

రెజీనా రెండో పాట తెరిచింది. అదీ అంతే. తెలియనిదానికి పేరు పెట్టగానే తెలిసినట్టు కూర్చునే మగవాళ్లను ఆమె చాలామందిని చూసింది.

ఆయన ఊరుకోలేదు. రాత్రికి ఫాంటన్నాడు. మర్నాడు ఇంటర్నెట్ అన్నాడు. ఆ మర్నాడు పాత సాఫ్ట్‌వేర్‌నే కొత్తదాంట్లో ఎక్కించబోతే, లాక్ కనబడలేదని అదే మొహం మీద చెప్పేసింది.

“లాక్ అంటే ఏంది వదినా?”

“దాని వీపుకున్న నల్ల ముక్క.”

“గదేనా? ఏదో పాత అడాప్టర్ అనుకున్న.”

పవర్ ప్లాంటులో ఇంజనీరు. దేశానికి కరెంటిస్తున్నామని చెప్పుకునే మనిషి. రెజీనాకు వాణ్ని చూసి నవ్వు రాలేదు. తనమీద తనకే రోత పుట్టింది. మూడు రోజులు వీడి మాట నమ్మి, వీడికి టీలు పోస్తూ ఎందుకు కూర్చున్నట్టు?

డ్యూటీ దిగొచ్చిన పెనిమిటి సామ్యేల్ సర్దిచెప్పబోయాడు. “పోనియ్యి, తమ్ముడు మంచికే చేసిండు.”

“మంచికి చేసినోడు ముందు అడుగుతడు,” అంది రెజీనా. “పేరుకు చేసినోడే మనిషి ఇంట్ల లేనప్పుడు చేస్తడు.”

ఇరవై నాలుగు పొద్దున టిమోతి కేకు పంచడానికి వచ్చాడు. రెజీనా ఆ కేకు అత్తకిచ్చి, తాను వెళ్లి కారులో కూర్చుంది.

“పా.”

“యాడికి వదినా?”

“బుచ్చన్న కాడికి.”

గాంధీనగర్ అవతల రేకుల షెడ్డు. ముందర రేడియేటర్లు, సైకిలు చక్రాలు, విరిగిన కుర్చీలు. బుచ్చన్న బీడీ కాలుస్తూ కూర్చుని ఉన్నాడు. దేనిమీద కూర్చున్నాడో రెజీనా దూరం నుంచే గుర్తుపట్టింది. డబ్బా. అడ్డంగా పడుకోబెట్టి, పైన గోనెసంచి పరిచాడు.

“లెవ్వు అన్నా, జర.”

“ఏందక్కా?”

ఆమె వంగి వెనక వైపు చూసింది. లాక్ ఉంది. చాకు మొనతో బిగించిన మరలు బిగించినట్టే ఉన్నాయి. రాగి కోసం కరెంటు వైరు మాత్రం తీసుకున్నాడు.

టిమోతి కూడా వంగాడు. “ఇది ఒక్కటి చాలు వదినా. ఊడవీకి కొత్తదానికి పెడదాం.”

“నీ కొత్తదాని వీపు చూసినవా? ఇది పెట్టే సందే లేదు దానికి.”

టిమోతి నోరు మూసుకున్నాడు. ఆ నాలుగు రోజుల్లో ఆయన చేసిన మొదటి తెలివైన పని అది.

“అన్నా, డబ్బా నాకు కావాలె.”

“తీస్కపో. నా ఉల్లిగడ్డలు నాకియ్యి.” బుచ్చన్న బీడీ దులిపాడు. “పైసలద్దు. రేపు పండుగ, బండి మీద ఒక్క గడ్డ లేదు. అయిదు కిలోలు పట్టుకొచ్చినోళ్లకే డబ్బా.”

ఇంట్లో ఉన్నవి ఒకటిన్నర కిలో. అయ్యగారి ఇంటికి ఒక కిలో పోయింది. మిగతా రెండున్నర డెబోరాకు ఇష్టమని టిమోతే జ్యోతినగర్ పట్టుకుపోయాడు.

రెజీనా మరిది వైపు తిరిగింది.

“తెస్తవా? లేకుంటే మందిరంల అందరి ముందట నేను లేచి చెప్పాల్నా, మన తాతల పాటలు నువ్వు ఉల్లిగడ్డలకు ఎట్ల అమ్మినవో?”

“అమ్మనే కదా ఇచ్చింది...”

“అమ్మకు చెప్పినోడెవడు?”

టిమోతి వెళ్లాడు. గంటన్నరకు తిరిగొచ్చాడు. ఇస్త్రీ చొక్కా చెమటకు తడిసింది. గోదావరిఖని అంగడిలో బేరమాడడం ఆయనకు కొత్త. బుచ్చన్న తక్కెడలో పోసి చూసి, “పావు తక్కువున్నది సారు,” అన్నాడు. టిమోతి మళ్లీ వెళ్లాడు. రెజీనా ఆ సేపంతా డబ్బా పక్కన నిలబడి, కొంగుతో దాని వీపు మీద దుమ్ము తుడిచింది.

ఇంటికి తెచ్చాక కరెంటు వైరు కావలసి వచ్చింది. ఆమె కొత్త కంప్యూటర్ వైరు పీకి పాతదానికి పెట్టింది. సరిగ్గా పట్టింది. అంత ఖరీదు పెట్టి తెచ్చిన దాంట్లో పనికొచ్చింది ఆ వైరొక్కటి.

బటన్ నొక్కింది. ఫ్యాను గరగరలాడింది. తెర నల్లగా ఉంది, చాలాసేపు ఉంది. అత్త గుమ్మంలో నిలబడి పెదాలు కదుపుతోంది, ప్రార్థనో తిట్టో తెలియదు. తర్వాత తేదీ అడిగింది డబ్బా. తొంభై ఎనిమిదో సంవత్సరమనుకుంటోంది. రెజీనా ఊపిరి వదిలి, ఇది రెండు వేల పది అని చెప్పింది.

‘చీకటి బాయిల దీపమా’ తెలుగులో తెరుచుకుంది.

“గిదే కదా, నేను పాడిన పాట!” అంది అత్త, డబ్బాను మొదటిసారి చూస్తున్నట్టు. “ముందు చెప్పొద్దా, నా పాటలు దీంట్లున్నయని? పది కిలోలకు గూడ ఇయ్యకపోదును.”

క్రిస్మస్ ఆరాధనకు తప్ప లేవకుండా రెజీనా ప్రింటరు మీద పేజీలు తీసి, ఇరవై ఆరున మంచిర్యాల చేర్చింది. పుస్తకం వచ్చింది. కొత్త సంవత్సరం నాడు అయ్యగారు దాన్ని పైకెత్తి చూపించి, నూతన కంప్యూటర్‌ను సంఘ సేవకు అర్పించిన టిమోతి దంపతులను లేచి నిలబడమన్నారు. వాళ్లు నిలబడ్డారు. అందరూ చప్పట్లు కొట్టారు. రెజీనా కొట్టలేదు. ఆమె చేతుల్లో పుస్తకం ఉంది.

మధ్యాహ్నం బిర్యానీకి వచ్చిన టిమోతి చెయ్యి కడుక్కుంటూ, ఏమీ ఎరగనట్టు అడిగాడు.

“మన కొత్త కంప్యూటర్ ఎట్ల పనిచేస్తున్నది వదినా?”

రెజీనా గరిటెతో మేజాబల్ల వైపు చూపించింది. ఇటుకలు తీసేసి ఉన్నాయి. వాటి చోట కొత్త కంప్యూటర్ అడ్డంగా పడుకుని ఉంది, పైన పాత మానిటరు. బంగారు అక్షరాలు అందరికీ కనబడేలా ముందుకే ఉన్నాయి.

“మస్తు పనిచేస్తున్నది,” అంది. “బ్లాస్టింగుకు గూడ కదుల్తలేదు.”